క్రెడిట్ కార్డు పాయింటును రూపాయల్లో లెక్కగట్టి వాడుకోవడం ఎలా

మన ఊళ్లలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే న్యాయమనీ, రెండు రూపాయలంటే ఎక్కువనీ, మూడు దాటితే పీక మీద కత్తి అనీ అంటాం. అదే లెక్కలో చూస్తే, మన దేశంలో చాలా క్రెడిట్ కార్డుల బాకీ మీద పడేది మూడున్నర రూపాయల నుంచి మూడు రూపాయల డెబ్బై అయిదు పైసల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్‌టీ అదనం. ఖర్చుకు బహుమతిగా కార్డు ఇచ్చే రివార్డు పాయింట్ల గురించి మాట్లాడే ముందు ఈ అంకెను గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే కింద చెప్పే లెక్కలన్నీ ప్రతి నెలా బిల్లు మొత్తాన్ని పైసాతో సహా కట్టేవారికి మాత్రమే పని చేస్తాయి.

మొదటి పని: బిల్లు పూర్తిగా కట్టే ఏర్పాటు

ఈ నెల మీ బిల్లు 60 వేల రూపాయలు వచ్చిందనీ, చేతిలో డబ్బు ఆడక అందులో 5 శాతంగా చూపించిన కనీస మొత్తం 3 వేలు మాత్రమే కట్టారనీ అనుకుందాం. మిగిలిన 57 వేల మీద ఒక్క నెలకు 3.75 శాతం చొప్పున 2,137 రూపాయల వడ్డీ, దాని మీద జీఎస్‌టీ కలిపితే 2,500 దాటుతుంది. నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది, ఎందుకంటే బిల్లు పూర్తిగా కట్టనివారికి వడ్డీని గడువు తేదీ నుంచి కాక, వస్తువు కొన్న రోజు నుంచే లెక్కిస్తారు. పైగా బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని రోజులు దొరకవు. అదే 60 వేల ఖర్చుకు మీకు వచ్చిన పాయింట్ల విలువ, మధ్యరకం కార్డు మీద, 800 రూపాయలకు మించదు. అంటే ఒక్క నెల వడ్డీ మూడు నెలల పాయింట్లను మింగేస్తుంది.

కాబట్టి ముందుగా మీ జీతం పడే ఖాతాను కార్డుకు జతచేసి, ఆటోపేలో 'కనీస మొత్తం' కాకుండా 'పూర్తి బాకీ' అన్నదాన్ని ఎంచుకోండి. రెండింటిలో ఏది ఎంపికై ఉందో ఒకసారి తెరిచి చూడండి, చాలామందికి కనీస మొత్తమే ఎంపికై ఉంటుంది, ఆ సంగతి వారికి తెలియదు. గడువు తేదీ జీతానికి రెండు మూడు రోజుల ముందు పడుతుంటే బిల్లు తేదీని మార్చమని బ్యాంకును అడగండి. కనీసం ఒక్కసారైనా ఆ మార్పుకు అవకాశం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీయడం మాత్రం ఎప్పుడూ వద్దు, దానికి తీసిన రోజు నుంచే వడ్డీ, పైన రుసుము, పాయింట్లు సున్నా.

పాత బాకీ ఉన్నవారు ఇక్కడితో ఆగి, ముందు దాన్ని తీర్చుకుని తర్వాత మిగతాది చదవడం మేలు.

రెండో పని: మీ ఖర్చు ఎటు పోతోందో కాగితం మీద పెట్టడం

గత మూడు నెలల బ్యాంకు, యూపీఐ, కార్డు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని ఒక కాగితం మీద ఏడు గళ్లు గీయండి: కిరాణా, ఆన్‌లైన్ కొనుగోళ్లు, పెట్రోలు, పిల్లల ఫీజులు, ప్రయాణాలు, బీమా, అద్దె. ఒక్కోదానికి నెలకు సగటున ఎంతవుతోందో రాయండి. కార్డు ఎంచుకోవడం ఈ కాగితంతో మొదలవ్వాలి. మాల్‌లో బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాడి మాటతో మొదలైతే, మీ జీవితానికి సరిపడే కార్డు కాక అతని టార్గెట్‌కు సరిపడే కార్డు ఇంటికి వస్తుంది.

ఈ గళ్లలో కొన్నింటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో డబ్బు వేయడం, ప్రభుత్వానికి కట్టే పన్నులు, ఈఎంఐలు సాధారణంగా మినహాయింపు జాబితాలో ఉంటాయి, బీమాకు నెలవారీ పరిమితి ఉంటుంది. అద్దెను యాప్ ద్వారా కార్డుతో కడితే యాప్ వాళ్ల కమిషనుకు తోడు అనేక బ్యాంకులు 1 శాతం రుసుము కూడా వేస్తున్నాయి. పెట్రోలుకు పాయింట్లు రాకున్నా, ఒక శాతం సర్‌చార్జిని తిరిగి ఇచ్చే కార్డులు చాలా ఉన్నాయి. అయితే ఆ మాఫీకి బిల్లు ఇంతకు తగ్గకూడదు, ఇంతకు మించకూడదు అన్న షరతు ఉంటుంది కాబట్టి, బండిలో వంద రూపాయల పెట్రోలు పోయించి కార్డు గీకితే సర్‌చార్జి మీ నెత్తినే పడుతుంది.

మూడో పని: పాయింటు ధర తేల్చడం

మిగతా అన్నింటికంటే ఎక్కువ సమయం కేటాయించాల్సింది దీనికే. '20 వేల బోనస్ పాయింట్లు' అన్న ప్రకటనలో నిజానికి ఏమీ లేదు. పాయింటు అన్నది ఆ బ్యాంకు వేసుకున్న సొంత నాణెం, దాని మారకపు రేటు ఆ బ్యాంకే నిర్ణయిస్తుంది, పైగా మీరు దాన్ని ఎక్కడ ఖర్చు పెడుతున్నారన్నదాన్ని బట్టి ఒకే పాయింటుకు మూడు నాలుగు రకాల ధరలు ఉంటాయి.

ఒక మధ్యరకం కార్డును తీసుకుందాం. ప్రతి 150 రూపాయల ఖర్చుకు 4 పాయింట్లు, ఏడాది రుసుము 2,500 రూపాయలు, ఏడాదిలో 4 లక్షలు ఖర్చు పెడితే రుసుము మాఫీ. పాయింట్లతో బ్యాంకు వెబ్‌సైటులో విమాన టికెట్టు కొంటే ఒక్కోదానికి 50 పైసలు, బిల్లులో తగ్గించుకుంటే 20 పైసలు అనుకోండి. మీరు ఏడాదికి 3 లక్షలు ఖర్చు పెట్టారు. వచ్చినవి 8 వేల పాయింట్లు. టికెట్టు కొన్నవారికి 4 వేల రూపాయలు మిగిలాయి, బిల్లులో తగ్గించుకున్నవారికి 1,600. ఇప్పుడు రుసుము తీయండి: 2,500 మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 2,950. మొదటివారికి ఏడాదంతా కష్టపడితే మిగిలింది 1,050 రూపాయలు, రెండోవారికి 1,350 నష్టం. ఇదే 3 లక్షలను రుసుము లేని, అన్నింటి మీదా ఒక శాతం నగదు తిరిగిచ్చే సాదా కార్డు మీద పెట్టి ఉంటే 3 వేలు చేతికి వచ్చేవి. దమ్మిడీ ఆదాయం లేదు, గడియ తీరిక లేదు అన్న మాట ఇలాంటి కార్డుల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

ఏ కార్డుకైనా ఇదే సూత్రం వర్తిస్తుంది. వంద రూపాయల ఖర్చుకు వచ్చే పాయింట్లను, మీరు నిజంగా వాడబోయే చోట ఆ పాయింటుకు దక్కే ధరతో హెచ్చించండి. పై కార్డులో అది టికెట్లకు 1.33 శాతం, బిల్లుకు 0.53 శాతం. ఆ శాతం చొప్పున మీ ఏడాది ఖర్చుకు వచ్చే రూపాయల్లోంచి ఏడాది రుసుమును తీసేయండి, పాయింట్లు మార్చుకునేటప్పుడు ప్రతిసారీ వసూలు చేసే చిన్న రుసుమును కూడా మరిచిపోవద్దు. మిక్సీలు, సూట్‌కేసులు చూపించే కేటలాగు జోలికి పోకపోవడమే మంచిది, అక్కడ వస్తువు ధర గరిష్ఠ చిల్లర ధరగా చూపిస్తారు, బయట అదే వస్తువు చాలా తక్కువకు దొరుకుతుంది.

రుసుము మాఫీకి ఇంకా లక్ష రూపాయలు తక్కువ పడ్డాయని మార్చి నెలలో టీవీ కొనేవారిని నేను చూశాను. 2,950 మిగుల్చుకోవడానికి లక్ష ఖర్చు పెట్టడం ఎలాంటి లెక్కో వారే చెప్పాలి. ఎటూ కట్టవలసిన కాలేజీ ఫీజును, బీమా ప్రీమియంను ఆ గడువు లోపలికి జరుపుకోవడం మాత్రం తెలివైన పని, అదీ ఆ ఖర్చు మాఫీ లెక్కలోకి వస్తుందని నిబంధనల్లో చూసుకున్న తర్వాతే. బావమరిది ఫ్రిజ్జు, పక్కింటివారి ఫోను మీ కార్డు మీద కొనిచ్చి లెక్క నింపుకోవడం కొందరికి అలవాటు. ఒక ఆర్థిక సంవత్సరంలో మీరు కట్టిన కార్డు బిల్లులు 10 లక్షలకు చేరితే బ్యాంకు ఆ వివరాన్ని ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది, అప్పుడు బావమరిది ఫ్రిజ్జుకు కూడా సమాధానం మీరే చెప్పుకోవాలి.

నాలుగో పని: దుకాణం బోర్డును కాక కోడును చూడడం

కార్డు తీసుకునే ప్రతి వ్యాపారికీ నాలుగు అంకెల కోడు ఒకటి ఉంటుంది. సూపర్‌మార్కెట్లకు 5411, పెట్రోలు బంకులకు 5541, విమాన సంస్థలకు 4511, అద్దెలకు 6513. బ్యాంకుకు దుకాణం బోర్డు కనబడదు, ఈ కోడే కనబడుతుంది. అందుకే 'కిరాణాకు 5 శాతం' అన్న కార్డుతో మీ వీధి చివరి దుకాణంలో సరుకులు కొన్నా, ఆ యజమాని మెషీను తీసుకునేటప్పుడు వేరే తరగతి రాయించి ఉంటే, మీకు దక్కేది మామూలు రేటే. తరచూ వెళ్లే చోట ముందు రెండు మూడు వందల బిల్లు కట్టి, వచ్చే స్టేట్‌మెంట్‌లో పాయింట్లు ఎలా పడ్డాయో చూసి, తర్వాత పెద్ద ఖర్చులు దాని మీదకు మార్చండి.

క్యూఆర్ కోడుతో నడిచే చిన్న దుకాణాల సంగతి 2022లో మారింది. రూపే క్రెడిట్ కార్డులను యూపీఐకి జతచేయడానికి రిజర్వు బ్యాంకు ఆ ఏడాది జూన్‌లో అనుమతి ప్రకటించింది. ఆ సౌకర్యం వచ్చాక టీ కొట్టులో, మందుల షాపులో కూడా ఫోను చూపించి క్రెడిట్ కార్డుతోనే చెల్లించవచ్చు. వ్యక్తుల మధ్య డబ్బు పంపుకోవడానికి ఇది పనికి రాదు, క్యూఆర్ వ్యాపారి పేరు మీద ఉండాలి. కార్డు గీకితే ఇచ్చే రేటునే యూపీఐకి కూడా ఇవ్వాలన్న నియమమేమీ లేదు, కొన్ని కార్డులు తక్కువ రేటు, నెలవారీ పరిమితి పెడతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. పది రూపాయలు, ఇరవై రూపాయలు అంటూ నొక్కుతూ పోతే నెలాఖరు బిల్లు ఊహించిన దానికంటే పెద్దదవుతుంది.

పండగ అమ్మకాల్లో వచ్చే '10 శాతం తక్షణ తగ్గింపు' ఏ పాయింట్ల కంటే మేలు, అది అక్కడికక్కడే రూపాయల్లో తెగిపోతుంది. 'నో కాస్ట్ ఈఎంఐ' మాత్రం పేరుకు తగ్గది కాదు. వడ్డీ అంత మొత్తాన్ని ధరలో తగ్గించి చూపిస్తారు గానీ, ఆ వడ్డీ మీద జీఎస్‌టీ, ప్రాసెసింగ్ రుసుము మీ జేబులోంచే పోతాయి, సాధారణంగా పాయింట్లు కూడా రావు.

అయిదో పని: ప్రయాణాల్లో పాయింట్లను మార్చడం

ప్రయాణాల కార్డులు పాయింట్లను రెండు దారుల్లో వాడుకోనిస్తాయి. ఒకటి బ్యాంకు సొంత పోర్టల్‌లో టికెట్టు కొనడం, రెండోది పాయింట్లను విమాన సంస్థ మైళ్లుగానో (విమాన సంస్థల సొంత పాయింట్లను అలా అంటారు) హోటల్ సంస్థ పాయింట్లుగానో బదిలీ చేయడం. మొదటి దారిలో ఒకే జాగ్రత్త చాలు: అదే విమానం, అదే తేదీ టికెట్టు విమాన సంస్థ వెబ్‌సైటులో ఎంతుందో చూడండి. పోర్టల్‌లో 400 రూపాయలు ఎక్కువ ఉంటే ఆ మేరకు మీ పాయింటు ధర తగ్గినట్టే.

రెండో దారిలో లాభం ఎక్కువ, పొరపాట్లకూ చోటెక్కువ. మైలు ధరను ఇలా కట్టండి: డబ్బుతో కొంటే టికెట్టు 9 వేలు, మైళ్లతో అయితే 9 వేల మైళ్లు, దాంతో పాటు పన్నుల కింద 900 రూపాయలు. 9,000 లోంచి 900 తీస్తే 8,100, దాన్ని 9 వేల మైళ్లతో భాగిస్తే మైలుకు 90 పైసలు. ఆ మైళ్లు సంపాదించడానికి ఎన్ని బ్యాంకు పాయింట్లు పోయాయో చూసుకుంటే అసలు ధర తేలుతుంది. బిజినెస్ తరగతి టికెట్టుకు మైలు రెండు రూపాయలు పలుకుతుందని చెప్పేవారుంటారు. లెక్క తప్పు కాదు, కానీ ఆ రెండు లక్షల టికెట్టును మీరు ఎన్నడూ డబ్బు పెట్టి కొనేవారు కానప్పుడు, ఆదా అయింది రెండు లక్షలు అనుకోవడం ఆత్మవంచన. మీరు మామూలుగా కొనే టికెట్టు ధరతోనే పోల్చుకోండి.

బదిలీ చేసే ముందు సీటు ఉందో లేదో చూడాలి, ఈ క్రమం తిరగబడకూడదు. ఒకసారి విమాన సంస్థకు వెళ్లిన పాయింట్లు వెనక్కి రావు, బదిలీకి కొన్ని గంటల నుంచి కొన్ని రోజులు పట్టవచ్చు, సంక్రాంతికీ వేసవి సెలవులకూ మైళ్ల సీట్లు ముందే అయిపోతాయి. హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి ఒక సౌకర్యం ఉంది. ఎయిరిండియా 2014 నుంచి స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో సభ్యురాలు కాబట్టి, దాని మహారాజా క్లబ్ పాయింట్లతో లుఫ్తాన్సా, యునైటెడ్ లాంటి భాగస్వామ్య సంస్థల విమానాల్లో కూడా సీట్లు వెతకవచ్చు, లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి శంషాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ విమానం నడుపుతోంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల టికెట్లకు ఈ దారి ఆలోచించదగ్గది, తేదీలు అటూ ఇటూ జరుపుకోగలిగితేనే.

పాయింట్లను మాత్రం దాచుకోవద్దు. యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డు మీద నెలకు లక్ష ఖర్చు పెడితే 25 వేల పాయింట్లు అదనంగా వచ్చేవి, అయిదు పాయింట్లకు నాలుగు మైళ్లు దక్కేవి. 2023 సెప్టెంబరు 1 నుంచి ఆ నెలవారీ బోనస్ పోయింది, అయిదు పాయింట్లకు రెండు మైళ్లే అయ్యాయి, ఏడాది రుసుము 10 వేల నుంచి 12,500 అయింది. 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయినప్పుడు విస్తారా పేరు మీద ఉన్న కార్డుల అర్థమే మారిపోయింది. బంగారం దాచుకుంటే పెరగవచ్చు, పాయింటు దాచుకుంటే తరుగుతుంది. వచ్చే ఏడాది లోపల చేయబోయే ప్రయాణానికి సరిపడా పోగు చేసి, వాడేయండి.

ఆరో పని: లాంజ్ షరతులు ఇంటి దగ్గరే చూసుకోవడం

నాకు జరిగినదే చెబుతాను. శంషాబాద్‌లో తెల్లవారుజామున విమానం, వెంట అమ్మ. లాంజ్ (కొన్ని కార్డులు ఉచితంగా రానిచ్చే, తిండి కూడా దొరికే విమానాశ్రయ విశ్రాంతి గది) ముందు వరుసలో నిలబడి, నా వంతు రాగానే ధీమాగా కార్డు ఇచ్చాను. కౌంటరులోని అమ్మాయి రెండు రూపాయలకు మెషీనులో పెట్టి చూసింది, పోలేదు. మళ్లీ పెట్టింది, పోలేదు. లోపలి నుంచి సాంబారు వాసన వస్తోంది, వెనక ఉన్నవాళ్లు గొంతు సవరించుకుంటున్నారు. బ్యాంకుకు ఫోను చేస్తే, కిందటి మూడు నెలల్లో కార్డు మీద పెట్టవలసినంత ఖర్చు పెట్టలేదనీ, ఆ మార్పు గురించి ఈమెయిలు పంపామనీ చెప్పారు. ఈమెయిలు నిజంగానే ఉంది, ప్రకటనల ఫోల్డరులో. అమ్మ మాత్రం 'ఇడ్లీ బయట తినొచ్చులే' అని పర్సు తీసింది.

ఈ షరతు ఇప్పుడు చాలా కార్డులకు ఉంది. ఉదాహరణకు ఐసీఐసీఐ బ్యాంకు 2024 ఏప్రిల్ 1 నుంచి తన అనేక కార్డులకు గత త్రైమాసికంలో 35 వేల ఖర్చును నియమంగా పెట్టింది, ఆ తర్వాత కొన్ని కార్డులకు ఆ మొత్తం ఇంకా పెరిగింది. కాబట్టి ప్రయాణానికి వారం ముందు యాప్‌లో నాలుగు సంగతులు చూసుకోండి: ఈ త్రైమాసికానికి ఎన్ని సందర్శనలు మిగిలాయి, ఖర్చు షరతు నిండిందా, వెంట వచ్చినవారికి ఉచితమా లేక విడిగా డబ్బు కట్టాలా, మీరు ఎక్కబోయే టెర్మినల్‌లోని లాంజ్ జాబితాలో ఉందా. కొన్ని బ్యాంకులు కార్డుకు బదులు యాప్‌లో ముందుగా వోచరు తీసుకోమంటున్నాయి, అది గేటు దగ్గర గుర్తొస్తే నెట్ అందదు.

లాంజ్ విలువను లెక్కలో వేసుకునేటప్పుడు గోడ మీద రాసిన ధర వేయకండి. అది లేకపోతే బయట కాఫీ, టిఫినుకు మీరు ఎంత పెట్టేవారో అంతే వేయండి. ఏడాదికి రెండుసార్లు విమానం ఎక్కేవారికి అది వెయ్యి రూపాయలు కూడా దాటదు, దానికోసం 5 వేల రుసుము కార్డు అక్కరలేదు.

ఏడో పని: విదేశాల్లో రూపాయల జోలికి పోకపోవడం

సాధారణ కార్డును విదేశంలో గీకితే మారకపు రుసుము కింద 3.5 శాతం, దాని మీద జీఎస్‌టీ కలిపి 4.13 శాతం పడుతుంది. లక్ష రూపాయల కొనుగోలుకు 4,130 పోయి, పైన చెప్పిన కార్డులో వచ్చేది 1,333 రూపాయల పాయింట్లు. విదేశీ ప్రయాణం ఖాయమైతే మారకపు రుసుము అసలు లేని కార్డు ఒకటి రెండు నెలల ముందే తీసుకోండి, అలాంటివి మన బ్యాంకులు ఇస్తున్నాయి, అన్నింటికీ పెద్ద రుసుము ఉండదు.

డల్లాస్‌లోనో దుబాయిలోనో దుకాణం మెషీను మీద 'ఇక్కడి కరెన్సీలోనా, రూపాయల్లోనా' అన్న ప్రశ్న కనిపిస్తుంది. రూపాయలు చూడగానే సొంతూరివారు కనిపించినట్టు ఉంటుంది, కానీ నొక్కవలసింది ఆ దేశపు కరెన్సీనే. రూపాయలు నొక్కితే మారకపు రేటును ఆ వ్యాపారి తరఫు సంస్థ వేసుకుంటుంది, అది మీ కార్డు నెట్‌వర్కు రేటు కంటే దాదాపు ఎప్పుడూ ఎక్కువే. ఇంట్లో కూర్చుని విదేశీ వెబ్‌సైటులో రూపాయల్లో కట్టినా కొన్ని బ్యాంకులు ఒక శాతం వేస్తాయి కాబట్టి, హోటల్ బుకింగులప్పుడు ఆ వ్యాపారి ఎక్కడివాడో చూసుకోండి. కార్డుతో వచ్చే ప్రయాణ బీమాను నమ్ముకునే ముందు షరతులు చదవండి, టికెట్టును ఆ కార్డుతోనే కొని ఉండాలన్నది తరచూ కనిపించే నియమం.

ఎనిమిదో పని: ఏటా ఒకసారి కార్డును నిలదీయడం

రుసుము పడే నెలకు ముందు నెల, మూడో పనిలో చెప్పిన లెక్కను నిజమైన అంకెలతో మళ్లీ వేయండి. మిగులు లేకపోతే బ్యాంకుకు ఫోను చేసి, కార్డు మూసేయాలనుకుంటున్నట్టు చెప్పి, రుసుము మాఫీ చేస్తారేమో అడగండి. చాలాసార్లు సగమో మొత్తమో తగ్గిస్తారు, లేదా రుసుము లేని కార్డుకు మారుస్తామంటారు. అన్నింటికంటే పాత కార్డు ఉచితమైనదైతే దాన్ని మూయకండి, మీ రుణ చరిత్ర పొడవుగా కనిపించడానికి అది పనికొస్తుంది. దానికి ఆరు నెలలకొకసారి ఫోను రీచార్జి లాంటి చిన్న పని చెప్పండి, ఏడాదికి పైగా వాడని కార్డును మూసే ప్రక్రియను బ్యాంకు మొదలుపెట్టవచ్చు.

మూయాలని తేల్చుకుంటే ముందు పాయింట్లన్నీ వాడేసి, ఆటోపేలో ఉన్న సబ్‌స్క్రిప్షన్లను వేరే కార్డుకు మార్చి, బాకీ సున్నా చేసి, రాతపూర్వకంగా అడగండి. బాకీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో కార్డు మూయకపోతే, మూసేదాకా రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకు మీకు కట్టాలని 2022 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉంది. అడిగిన తేదీ ఉన్న ఈమెయిలును, మూసినట్టు వచ్చిన జవాబును భద్రపరుచుకోండి, నెల రెండు నెలల తర్వాత మీ రుణ చరిత్రను చూపే సిబిల్ నివేదికలో ఆ కార్డు 'క్లోజ్డ్' అని మారిందో లేదో చూసుకోండి.